గంటకోసారి ఆరిపోయిన కంప్యూటర్, ఆ తర్వాత నేను ఎంచుకున్న ఓఎస్‌లు

2024 మార్చి 13, బుధవారం. అప్పట్లో బ్యాంకు షేర్ల సూచీ అయిన బ్యాంక్ నిఫ్టీ ఆప్షన్లకు వారపు ఎక్స్‌పైరీ, అంటే గడువు ముగిసే రోజు, బుధవారమే. ఆరు లాట్ల పుట్‌లు, అంటే సూచీ పడితే అమ్మినవాళ్లకు నష్టం తెచ్చే ఆప్షన్లు, అమ్మి కూర్చున్నాను. పొద్దున 8:40కి ఆన్ చేసిన కంప్యూటర్ 9:40కి దానంతటదే ఆరిపోయింది. కరెంటు ఉంది, యూపీఎస్ పచ్చలైటు వెలుగుతోంది. మళ్లీ ఆన్ చేశాను. 10:44కి మళ్లీ ఆరింది. లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ పోయిందేమో అనుకుని కంప్యూటర్ షాపు అబ్బాయికి ఫోన్ చేస్తే, "ఎండలు మొదలయ్యాయి కదమ్మా, హీట్ అయ్యుంటుంది, పక్క మూత తీసి ఫ్యాన్ పెట్టండి" అన్నాడు. మూత తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టాను. 11:50కి ఆరింది. ఒంటిగంటకు ఇంకోసారి.

ఆ ఒంటిగంటప్పుడు మార్కెట్ జారిపోతోంది. ఆ రోజు సెన్సెక్స్ 906 పాయింట్లు, నిఫ్టీ 338 పాయింట్లు పడ్డాయి. చిన్న కంపెనీల షేర్లయితే చెప్పనే అక్కర్లేదు. నా పుట్‌లు ఏ ధరకు వస్తే బయటికి రావాలో, చార్టులు గీసే ప్రోగ్రాం అమీబ్రోకర్‌లో అలర్ట్ పెట్టుకున్నాను గానీ, ఆ ధర రాగానే దానంతటదే పొజిషన్ మూసే స్టాప్‌లాస్ ఆర్డర్‌ను ఎక్స్ఛేంజీకి పంపలేదు. ఈ రెండింటికీ తేడా ఆ రోజే తెలిసింది. ఎక్స్ఛేంజీకి చేరిన స్టాప్‌లాస్ ఆర్డర్ మన కంప్యూటర్ ఆరినా అక్కడ అలాగే ఉంటుంది. మన సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకున్న అలర్ట్ మాత్రం కంప్యూటర్‌తో పాటే పోతుంది. వంటింట్లో ఛార్జింగ్‌కు పెట్టిన ఫోన్ తెచ్చి, లాగిన్ అయ్యి, కోడ్ కొట్టి పొజిషన్ మూసేసరికి 18,400 రూపాయలు పోయాయి.

సాయంత్రం మా ఆడపడుచు కొడుకు వచ్చి చూశాడు. బీటెక్ చదువుతున్నాడు. పది నిమిషాల్లో తేల్చేశాడు. "అత్తా, ఇది హీట్ కాదు. నీకు వేసింది ట్రయల్ విండోస్" అన్నాడు.

అసలు సంగతి ఇది. అంతకు మూడు నెలల ముందు, 2023 డిసెంబరు 13 సాయంత్రం, ఊళ్లోనే ఒక షాపులో 1,500 రూపాయలు ఇచ్చి 'ఎల్‌టీఎస్‌సీ' అనే విండోస్ 10 వేయించుకున్నాను. అందులో అనవసరమైన యాప్‌లు ఉండవు, ప్రతి ఏడాదీ కొత్త వెర్షన్ వచ్చి మీద పడదు, ట్రేడింగ్‌కు అంతకంటే స్థిరమైనది లేదని చాలామంది చెప్పగా విన్నాను. విన్నది నిజమే. ఏటీఎంలు, ఆసుపత్రి పరికరాల వంటి వాటి కోసం చేసిన ఎడిషన్ అది. కానీ దాన్ని సంస్థలకు వాల్యూమ్ లైసెన్స్ కింద ఇస్తారు, మనలాంటి వాళ్లకు విడిగా అమ్మరు. ఎవరైనా పరీక్షించి చూసుకోవడానికి 90 రోజుల ఇవాల్యుయేషన్ కాపీ మాత్రం ఉచితంగా దొరుకుతుంది. షాపువాళ్లు నాకు వేసింది అదే. 90 రోజులు దాటాక డెస్క్‌టాప్ నల్లబడుతుంది, కంప్యూటర్ గంటకోసారి ఆగిపోతుంది. డిసెంబరు 13 నుంచి 90 రోజులు లెక్కపెట్టండి, మార్చి 12 వస్తుంది. డెస్క్‌టాప్ కుడివైపు కింద మూలలో ఇన్ని రోజులే చెల్లుతుందని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుందట. నావి రెండు స్క్రీన్లు, రెండూ పొద్దున్నుంచి రాత్రిదాకా చార్టులతో నిండి ఉంటాయి. ఆ మూల నాకు ఒక్కరోజూ కనిపించలేదు.

నేను కొత్తగా ఈ రంగంలోకి వచ్చినదాన్ని కాదు. 2003లో గుంటూరులో ఒక సబ్‌బ్రోకర్ ఆఫీసులో డీలర్‌గా చేరాను. అప్పట్లో మార్కెట్ 9:55కి తెరిచేవారు. డాబా మీద ఉపగ్రహంతో కలిపే వీశాట్ డిష్, కింద ఐదు టెర్మినళ్లు, అన్నీ విండోస్ 2000. 2004 మే 17న ఎన్నికల ఫలితాల తర్వాత సూచీ కుప్పకూలి ట్రేడింగ్ రెండుసార్లు ఆగిపోయిన రోజు, కౌంటర్ దగ్గర జనం ఒకరి మీద ఒకరు పడుతూ ఆర్డర్లు చెబుతుంటే, ఆ ఐదింటిలో ఒక్కటి కూడా హ్యాంగ్ కాలేదు. ఎందుకు కాలేదో అప్పుడు ఆలోచించలేదు. ఇప్పుడైతే చెప్పగలను. వాటిలో టెర్మినల్ తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఎవరూ వాటిలో సినిమా చూడలేదు, పెన్‌డ్రైవ్ పెట్టలేదు. ఆఫీసు మూసేదాకా వాటిలో ఏదీ మారేది కాదు.

అందుకే ట్రేడింగ్ ఓఎస్‌ను, అంటే కంప్యూటర్‌ను నడిపే విండోస్, లైనక్స్ లాంటి సాఫ్ట్‌వేర్‌ను, నేను ఒక్క కొలతతోనే చూస్తాను. 9:15 నుంచి 3:30 వరకు నాకు తెలియకుండా దానిలో ఏదీ మారకూడదు. వేగం, అందం, కొత్త సదుపాయాలు ఆ తర్వాతే. కింద చెప్పేదంతా ఈ కొలతతో, రెండేళ్లుగా నా బల్ల మీద వాడి చూసి చెబుతున్నదే.

విండోస్ 7 అంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. ఆఫీసు మానేసి ఇంట్లో సొంతంగా మొదలుపెట్టినప్పుడు దాని మీదే ఏళ్ల తరబడి చేశాను. కానీ 2020 జనవరి 14తో దానికి సెక్యూరిటీ ప్యాచ్‌లు, అంటే లోపాలు సరిచేసే అప్‌డేట్లు, ఆగిపోయాయి. డబ్బు కదిలే కంప్యూటర్‌ను ఇంకా దాని మీద నడపడం నాకు ఒప్పుదల కాదు. "నెట్‌లో ట్రేడింగ్ తప్ప ఏమీ చేయను కదా" అనేవాళ్లు ఉన్నారు. ట్రేడింగ్ అంటేనే నెట్ కదా, బ్రోకర్ పాస్‌వర్డ్ కొట్టేది అందులోనే కదా.

విండోస్ 10 కథ కూడా ముగిసింది. 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. ఇళ్లల్లో వాడేవాళ్లు మైక్రోసాఫ్ట్ పొడిగింపు పథకం ఈఎస్‌యూలో నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయి. సెట్టింగ్స్‌ను మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సింక్ చేసుకుంటే దానికి డబ్బు కూడా కట్టక్కర్లేదు. పాత కంప్యూటర్ ఉన్నవాళ్లకు ఇది ఊపిరి తీసుకునే సమయం. అంతవరకే.

ఇప్పుడు నా ఆర్డర్లన్నీ వెళ్లే కంప్యూటర్ విండోస్ 11 ప్రో. ఐ5 పన్నెండో తరం ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ. లైసెన్స్ బిల్లుతో సహా కొన్నాను. ఐదారు వందలకు కీలు అమ్మేవాళ్లు ఉన్నారని తెలుసు. మార్చి 13 తర్వాత అటువైపు చూడలేదు.

హోమ్ కాకుండా ప్రో ఎందుకంటే, అందులో గ్రూప్ పాలసీ ఉంటుంది, విండోస్ ఎలా నడుచుకోవాలో మనం నియమాలు పెట్టే చోటు అది. ప్యాచ్ వచ్చిందని చెప్పు, నేను ఒప్పుకున్నాకే డౌన్‌లోడ్ చెయ్యి అని అక్కడ రాసి పెట్టొచ్చు. కొత్త వెర్షన్‌ను ఏడాది వరకు వాయిదా వేయొచ్చు. నేను ఆర్నెల్లు ఆగుతాను, ఈలోగా మిగతావాళ్లకు ఏమైందో తెలుస్తుంది. అప్‌డేట్ కోసం దానంతటదే రీస్టార్ట్ కాకూడని సమయాన్ని యాక్టివ్ అవర్స్ అంటారు, గరిష్ఠంగా 18 గంటలు పెట్టుకోవచ్చు. పొద్దున ఆరు నుంచి అర్ధరాత్రి వరకు పెట్టాను. సరుకుల ఎక్స్ఛేంజీ ఎంసీఎక్స్‌లో వెండి, క్రూడ్ చేసే రోజుల్లో రాత్రి పదకొండున్నర దాటినా కూర్చోవాల్సి వస్తుంది.

ప్యాచ్‌ల లెక్క కూడా తెలిసి ఉండాలి. అమెరికాలో నెలలో రెండో మంగళవారం వదులుతారు. అంటే మనకు ఆ రాత్రి పదిన్నరకో పదకొండున్నరకో. 2025 సెప్టెంబరు నుంచి నిఫ్టీ ఎక్స్‌పైరీ మంగళవారానికి, సెన్సెక్స్‌ది గురువారానికి మారాయి. కాబట్టి ప్యాచ్ సరిగ్గా రెండు ఎక్స్‌పైరీల మధ్య వచ్చి పడుతుంది. నేను దాన్ని శనివారం దాకా ముట్టుకోను. శనివారం పొద్దున కాఫీ తాగి, ముందు పూర్తి బ్యాకప్, తర్వాత ప్యాచ్, తర్వాత రీస్టార్ట్, తర్వాత అమీబ్రోకర్ తెరిచి పాత డేటా మీద చార్టులు సరిగ్గా గీస్తోందా అని చూడటం. ఏదైనా చెడితే బాగు చేసుకోవడానికి ఒకటిన్నర రోజు చేతిలో ఉంటుంది. 2025 ఫిబ్రవరి 1 బడ్జెట్ రోజు శనివారమే అయినా మార్కెట్ తెరిచారు. ప్యాచ్ పని అలాంటి శనివారం పడితే ఆదివారానికి మార్చుకోవాలి. ఇలాంటివి క్యాలెండర్‌లో ముందే రాసి పెట్టుకోవాలి.

చాలామందికి తెలియని ఇంకో విషయం ఫాస్ట్ స్టార్టప్. రాత్రి షట్‌డౌన్ చేశాం, పొద్దున ఆన్ చేశాం, కాబట్టి కంప్యూటర్ తాజాగా ఉందనుకుంటాం. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే విండోస్ లోపలి భాగాన్ని పూర్తిగా మూయదు, నిద్రపుచ్చి పొద్దున మళ్లీ లేపుతుంది. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ దగ్గర 'అప్ టైమ్' చూడండి. రోజూ రాత్రి ఆపుతున్నా నాకు అక్కడ 19 రోజులు కనిపించింది. నాలుగైదు రోజులకు డేటా ఫీడ్ నెమ్మదించడం, చార్ట్ అతుక్కుపోయినట్టు అవ్వడం నాకు దీన్ని ఆపేశాక తగ్గింది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్లలోకి వెళ్లి టిక్ తీసేయడమే. అదే చేత్తో స్లీప్ కూడా ఆపేయండి. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ కార్డును కరెంటు ఆదా కోసం ఆఫ్ చేయొచ్చనే టిక్ ఒకటి ఉంటుంది, అదీ తీసేయండి. వైఫై వద్దు. నేను రౌటర్ నుంచి కేబుల్ లాగించాను, గోడకు కన్నం పెట్టించినందుకు మా ఆయన రెండు రోజులు మాట్లాడలేదు గానీ టెన్షన్ తగ్గింది.

యాంటీవైరస్ విడిగా కొనలేదు. 2024 జూలై 19 శుక్రవారం గుర్తుండే ఉంటుంది. క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక తప్పు అప్‌డేట్‌తో ప్రపంచమంతా విండోస్ కంప్యూటర్లు నీలిరంగు తెర వేసుకుని కూర్చున్నాయి. మన టైమ్ ప్రకారం పొద్దున 9:39కి మొదలైంది, మార్కెట్ తెరిచి ఇరవై నాలుగు నిమిషాలైంది అప్పటికి. 85 లక్షల కంప్యూటర్ల మీద ప్రభావం పడిందని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అది పెద్ద సంస్థలు వాడే సాఫ్ట్‌వేర్ కాబట్టి నా కంప్యూటర్‌కు ఏమీ కాలేదు. కానీ ఓఎస్ లోతుల్లోకి వెళ్లి కూర్చునే ఏ ప్రోగ్రాం అయినా ఒక్క చెడ్డ ఫైలుతో మొత్తాన్ని పడగొట్టగలదని అర్థమైంది. విండోస్‌తో వచ్చే డిఫెండర్‌నే ఉంచాను. ఆ కంప్యూటర్‌లో బ్రోకర్ సైట్, అమీబ్రోకర్, డేటా ఫీడ్ తప్ప ఇంకేమీ లేవు. వాట్సాప్ కూడా లేదు.

ఇక ఉచితంగా దొరికే ఓఎస్ లైనక్స్. నా పాత కంప్యూటర్ ఐ5 ఆరో తరం. విండోస్ 11కు ఎనిమిదో తరం, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి కాబట్టి అది పనికిరాదు. ప్రాసెసర్ బాగానే ఉంది, పారేయడానికి మనసొప్పలేదు. మా మేనల్లుడు మొదట లైనక్స్‌లో ఒక రకమైన ఉబుంటు 24.04 వేశాడు. ఐదేళ్ల సపోర్ట్ ఉన్న ఎల్‌టీఎస్ వెర్షన్ అది. సెక్యూరిటీ ప్యాచ్‌లు వెనక నుంచి వేసుకుంటుంది గానీ, మనం చెప్పకుండా కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయదు. అది నాకు నచ్చింది. కానీ ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ అందులో స్నాప్ అనే ప్యాకేజీ రూపంలో వస్తుంది. స్నాప్‌లు తమంతట తాము అప్‌డేట్ అవుతాయి, బ్రౌజర్ మూసి తెరవమని మధ్యలో గుర్తుచేస్తాయి. దాన్ని ఆపే ఆదేశం ఉంది, వాడు పెట్టి చూపించాడు కూడా. అయినా నా కొలతకు అది సరిపోలేదు. ఆపుకోవాల్సినవి తక్కువ ఉన్నది కావాలని అడిగాను.

"అయితే డెబియన్ అత్తా. బోర్‌గా ఉంటుంది, ఏమీ జరగదు" అన్నాడు.

ఏమీ జరగకపోవడమే కదా నాకు కావలసింది. 2025 జనవరిలో లైనక్స్‌లోనే ఇంకో రకమైన డెబియన్ 12 వేశాడు, ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్‌తో. 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే పరికరాలను నడిపే ఫర్మ్‌వేర్ కలిపి ఇస్తున్నారట, నెట్‌వర్క్ కార్డు కోసం వెతుక్కునే పని లేకుండా మొదటిసారే పట్టుకుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఒక జీబీ ర్యామ్ కూడా తినదు. కరెంటు పోయి యూపీఎస్ కూడా చాలని రోజు ఒకసారి, ఎలక్ట్రీషియన్ పని మీద మెయిన్ ఆపాల్సి వచ్చి మరోసారి తప్ప అది ఆగలేదు.  2025 ఆగస్టులో డెబియన్ 13 వచ్చింది. మేము మారలేదు, 12కు 2028 జూన్ వరకు ఎల్‌టీఎస్ సపోర్ట్ ఉంది.

అయితే నా పనంతా దాని మీద జరగదు. అమీబ్రోకర్ విండోస్ కోసం రాసిన ప్రోగ్రాం. విండోస్ ప్రోగ్రాంలను లైనక్స్‌లో నడిపే వైన్ ద్వారా తెరిచాం, చార్టులు వచ్చాయి, అమీబ్రోకర్ భాష ఏఎఫ్ఎల్‌లో నేను రాసుకున్న ఫార్ములాలు కూడా నడిచాయి. నేను కొనే డేటా ఫీడ్ ప్లగిన్ మాత్రం అతుక్కోలేదు. రెండు ఆదివారాలు పోరాడి వదిలేశాం. సుతారంగా అమర్చి అది నడుస్తుందని సంతోషపడటం వేరు, దాన్ని నమ్మి ఆరు లాట్లు అమ్మడం వేరు. విండోస్ ప్రోగ్రాం మీదే బతుకు నడుస్తున్నవాళ్లు లైనక్స్‌కు మారొద్దు. బ్రోకర్ వెబ్‌సైట్‌లోనే అన్నీ చేసుకునేవాళ్లు, పైథాన్‌లో రాసుకునేవాళ్లు నిరభ్యంతరంగా మారొచ్చు.

డెబియన్ కంప్యూటర్ నాకు కాపలాదారు. మా మేనల్లుడు రాసిన చిన్న పైథాన్ ప్రోగ్రాం నా ఓపెన్ పొజిషన్లను చూస్తూ ఉంటుంది. ఎక్స్ఛేంజీలో స్టాప్‌లాస్ లేని పొజిషన్ కనబడితే గట్టిగా మోగుతుంది, ఫోన్‌కు మెసేజ్ పంపుతుంది. ఆర్డర్లు పెట్టే పని దానికి ఇవ్వలేదు. మనలాంటి చిన్న మదుపరులు ప్రోగ్రాంతో చేసే ట్రేడింగ్‌కు (ఆల్గో) మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2025 ఫిబ్రవరి 4న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, ఏపీఐ ద్వారా, అంటే ప్రోగ్రాం నేరుగా బ్రోకర్‌కు, ఆర్డర్లు పంపాలంటే స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ చిరునామా) వంటివి కావాలి. నాకు అంత అవసరం లేదు.

అలా ఆర్డర్లు పంపేవాళ్లు చాలామంది అద్దె సర్వర్ మీద ఉబుంటు పెట్టుకుంటున్నారు. ముంబైలో తీసుకోవచ్చు, 2022 నవంబరు నుంచి అమెజాన్‌కు హైదరాబాద్‌లో కూడా ఉంది. ఇంట్లో కరెంటు, నెట్ గొడవ ఉండదు. ఒక్కటి చూసుకోండి. సర్వర్ గడియారం మామూలుగా యూటీసీలో, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో, ఉంటుంది. మన 9:15 అంటే దానికి 3:45. టైమ్‌జోన్ కోల్‌కతాకు మార్చకుండా 9:15కి నడవమని రాస్తే, మధ్యాహ్నం 2:45కి నిద్రలేస్తుంది. మా వాడు తన మొదటి ప్రోగ్రాంతో ఇదే చేశాడు. అదృష్టం కొద్దీ అది నిజం డబ్బు పెట్టకుండా కాగితం మీద చేసే ట్రేడింగే.

మ్యాక్ గురించి అడుగుతారు కాబట్టి ఒక మాట. మా చెల్లెలిది తెచ్చి వారం వాడాను. బ్రోకర్ వెబ్‌సైట్ చక్కగా నడిచింది, మిషన్ బంగారం. అమీబ్రోకర్ నేరుగా నడవదు కాబట్టి నాకు కుదరదు.

పెద్ద సంస్థలు కూడా ఈ లెక్కలన్నీ వేసుకున్నాయి. లండన్ స్టాక్ ఎక్స్ఛేంజీ 2007లో విండోస్, మైక్రోసాఫ్ట్‌దే అయిన డాట్‌నెట్ మీద ట్రేడ్‌ఎలెక్ట్ అనే వ్యవస్థ పెట్టింది. 2008 సెప్టెంబరు 8న దాదాపు ఏడు గంటలు ట్రేడింగ్ ఆగింది. తర్వాత శ్రీలంకకు చెందిన మిలీనియం ఐటీ కంపెనీని కొని, లైనక్స్ మీద నడిచే వాళ్ల వ్యవస్థకు 2011 ఫిబ్రవరిలో మారిపోయింది. దీన్ని చూపించి లైనక్సే గొప్పదని వాదించేవాళ్లతో నేను పూర్తిగా ఏకీభవించను. ఎక్స్ఛేంజీకి కావలసింది సెకనుకు వేల ఆర్డర్లు, నాకు కావలసింది నా రెండు స్క్రీన్లు మూడున్నర దాకా వెలగడం.

డబ్బుల్లేవు, ఒక్క కంప్యూటరే ఉంది అంటే నా మాట ఇది. అది విండోస్ 11కు సరిపడితే ప్రో లైసెన్స్ కొనండి, పైన చెప్పిన నాలుగైదు టిక్కులు తీయండి, రెండో మిషన్ బదులు ఫోన్‌లో బ్రోకర్ యాప్ లాగిన్ చేసి బల్ల మీదే పెట్టుకోండి. సరిపడకపోతే, వెబ్‌సైట్‌లోనే ట్రేడ్ చేసేవాళ్లయితే డెబియన్. ఏదైనా సరే, స్టాప్‌లాస్ ఎక్స్ఛేంజీలో ఉండాలి.

షాపులో విండోస్ వేయించుకున్న ప్రతి ఒక్కరూ ఇవాళే ఒక పని చేయండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిచి ఎడిషన్ పేరు చూడండి. చివర ఇవాల్యుయేషన్ అని ఉంటే అది గడువున్న కాపీ. తేదీ కావాలంటే విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఎస్ ఎల్ ఎం జీ ఆర్ అనే ఐదు అక్షరాలు, ఒక ఖాళీ, స్లాష్, ఎక్స్ పీ ఆర్ కొట్టండి. శాశ్వతంగా యాక్టివేట్ అయిందో, ఏ తేదీన అయిపోతుందో చెబుతుంది.

ఆ మార్చి నెలలోనే మా బ్రాడీపేటలో ట్రేడింగ్ చేసే ఇద్దరి ఇళ్లకు వెళ్లి ఇది కొట్టి చూశాను. ఒకరిది శాశ్వతమైనదే. రెండోది రిటైరైన మాస్టారిది, ఆయనా నేను వెళ్లిన షాపులోనే వేయించుకున్నారు. ఆయన దాంట్లో ఇంకా 22 రోజులు ఉన్నాయి.